ప్రకృతి ఫొటోల మీద పనికొచ్చే అభిప్రాయం చెప్పడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

వంజంగి మబ్బులు, కొల్లేరు గూడబాతులు, బొగత జలపాతం ఫొటోలు పంపి "ఎలా ఉందో చెప్పండి" అని అడిగేవారు చాలామంది. చెప్పాల్సినవారు మాత్రం మొహమాటంతో "సూపర్" అని ఊరుకుంటారు, లేదా కెమెరా మార్చుకోమంటారు. రెండింటివల్లా తీసినవారికి ఒరిగేదేమీ లేదు. అందుకే మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులు ఇచ్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ఫొటో చూడకముందు

నాకే ఫొటోగ్రఫీ అంతంతమాత్రం. ఇంకొకరి ఫొటో గురించి నేను చెప్పొచ్చా?

చెప్పొచ్చు. ఫొటో ఎందుకు అలా వచ్చిందో చెప్పడానికి అనుభవం కావాలి. చూపు ముందు ఎక్కడికి వెళ్లిందో చెప్పడానికి కళ్లుంటే చాలు. ఆ రెండో సంగతి తీసినవారికి సొంతంగా తెలియదు. వాళ్లకు అక్కడి చలి, పక్షి కూత, నడిచిన దూరం అన్నీ గుర్తుంటాయి కాబట్టి ఫొటోలో లేనిది కూడా కనిపిస్తుంది. "నాకు ముందు కుడి మూలన ఉన్న తెల్లరాయి కనిపించింది, పడవ ఆ తర్వాతే కనిపించింది" అని రాయండి, అదే చాలా విలువైన మాట. తెలియని కారణాన్ని ఊహించి "మీ లెన్స్ మంచిది కాదు" అని మాత్రం తేల్చేయకండి.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి షార్ప్‌గా లేదని చెప్పొచ్చా?

చెప్పకూడదు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటో సైజు తగ్గించి కంప్రెస్ చేస్తుంది. ఈకలు, ఆకులు, గడ్డి లాంటి సన్నటి వివరాలు ముందు పోయేది అక్కడే. షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం), ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) లాంటి, కెమెరా ఫైలులోనే రాసుకునే ఎక్సిఫ్ వివరాలు కూడా చెరిగిపోతాయి. ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా డ్రైవ్ లింకు అడగండి. అసలు ఫైలు వచ్చేదాకా కూర్పు (ఫ్రేములో ఏది ఎక్కడ ఉందన్నది) గురించి, వెలుగు గురించి మాత్రమే మాట్లాడండి.

ఇంకో సంగతి. అసలు ఫైలులో జీపీఎస్ వివరం ఉండొచ్చు. గుడ్లగూబ గూడో, అరుదైన పక్షి స్థావరమో అయితే లొకేషన్ తీసేసి పంపమని ముందే చెప్పండి.

ఫోన్‌లో రంగులు ఒకలా, ల్యాప్‌టాప్‌లో ఇంకోలా ఉన్నాయి. ఏది నమ్మాలి?

గుడ్డిగా ఏదీ నమ్మకండి. ఫోన్‌లో "వివిడ్" మోడ్ ఉంటే తీసేసి "నేచురల్" పెట్టండి, రాత్రిపూట స్క్రీన్‌ను పసుపుపచ్చగా చేసే ఐ కంఫర్ట్ ఆపండి. ఎండలో నిలబడి చూడకండి. ల్యాప్‌టాప్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి చూస్తే చీకటి ఫొటో కూడా బాగానే ఉన్నట్టుంటుంది, ప్రింట్ వేశాక నల్లబడుతుంది. ఎడిటింగ్‌కు సుమారు 100 నుంచి 120 నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలత) సరిపోతుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందిన వెలుగు) గురించి గట్టిగా చెప్పాలంటే కంటికన్నా, వెలుగు చీకట్లు ఎంతెంత ఉన్నాయో చూపించే గ్రాఫ్ హిస్టోగ్రామ్‌ను నమ్మండి. రంగులన్నీ చప్పగా ఉంటే ఫైలు అడోబీ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో సేవ్ అయిందేమో చూడండి. ఎస్‌ఆర్‌జీబీకి మార్చి పంపమంటే ఆ తేడా చాలావరకు పోతుంది.

చెప్పేముందు తీసినవారిని ఏమడగాలి?

ఇందులో ఏం చూపించాలనుకున్నారు? దేనికి వాడతారు? మూడోది, అక్కడ ఏవి మీ చేతిలో లేవు? దూరంగా మసకలో పక్షి గుంపు చూపించడమే ఉద్దేశమైతే "పక్షి చిన్నగా ఉంది" అన్న విమర్శకు అర్థం లేదు. గోడకు పెద్ద ప్రింట్ వేసుకునే ఫొటోకు, స్టేటస్‌లో పెట్టే ఫొటోకు కొలతలు వేరు. పాపికొండల్లో కదులుతున్న లాంచీ మీంచి తీసినవారికి ట్రైపాడ్ సలహా ఇస్తే నవ్వుతారు.

## ఫొటో చూసేటప్పుడు

ఏ వరుసలో చూస్తే ఏదీ జారిపోకుండా ఉంటుంది?

ముందు బొటనవేలంత సైజులో చూడండి. ఆ సైజులో కూడా విషయం తెలిసిందంటే కూర్పు బలంగా ఉన్నట్టే. తర్వాత స్క్రీన్ నిండా పెట్టి అరనిమిషం ఏమీ అనుకోకుండా చూడండి, చూపు ఎక్కడ ఆగిందో, ఎక్కడ బయటికి జారిందో గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత నాలుగు అంచుల వెంట ఒక చుట్టు తిరగండి. సగం తెగిన కొమ్మ, కరెంటు తీగ, ప్లాస్టిక్ కవరు, మూలన ఎవరిదో చెప్పు దొరికేది అక్కడే. 100 శాతం జూమ్ చివర. ముందే జూమ్ చేసేవారు ఫోకస్ తప్పులు పట్టగలరు గానీ ఫొటోను చూడలేరు.

పక్షి మసకగా వచ్చింది. కారణం ఎలా కనిపెట్టాలి?

"షార్ప్‌గా లేదు" అనేది లక్షణం మాత్రమే. కారణాలు కనీసం ఐదు, ఒక్కోదానికి పరిష్కారం వేరు.

ఫ్రేమ్ మొత్తం ఒకే దిశలో సాగినట్టుంటే చెయ్యి కదిలింది. 400 ఎంఎం లెన్స్‌కు కనీసం 1/400 సెకను షట్టర్ స్పీడ్ కావాలి, చిన్న సెన్సర్ ఉండే ఏపీఎస్-సీ కెమెరా అయితే 1/640 దాకా వెళ్లాలి. స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే సదుపాయం) ఉంటే కొంత తగ్గించుకోవచ్చు.

తల బాగుండి రెక్కలు మాత్రం చెరిగినట్టుంటే కదిలింది పక్షే. స్టెబిలైజేషన్ దీనికి పనిచేయదు. తీరిగ్గా తేలుతూ వెళ్లే గూడబాతుకు 1/1000 నుంచి 1/1600 సరిపోతుంది. లకుముకి పిట్ట దూకుడుకు 1/2500 పైనే ఉండాలి. రెక్కలు కావాలనే కదలనిచ్చారేమో ఒకసారి అడగండి, అది తప్పు కాకపోవచ్చు.

పక్షి మసకగా ఉండి, ముందున్న తుంగో వెనకున్న కొమ్మో స్పష్టంగా ఉంటే ఫోకస్ పక్కకు పోయింది. ఫోకస్ ఏరియా చిన్నది పెట్టుకోమనండి, కెమెరాలో పక్షి కన్ను పట్టే సదుపాయం ఉంటే వాడమనండి.

ఏదీ స్పష్టంగా లేకపోగా గీతలన్నీ అలలా వంకర్లు పోతే అది వేడి గాలి. ఏప్రిల్ మధ్యాహ్నం దున్నిన పొలం మీదుగానో చెరువు గట్టు మీదుగానో దూరంగా తీస్తే ఇదే జరుగుతుంది. లక్షల లెన్స్ కొన్నా పోదు. పొద్దున్నే వెళ్లాలి, లేదా దగ్గరికి చేరాలి. పాపం, ఇది తెలియక లెన్స్ అమ్ముకున్నవాళ్లున్నారు.

ఇక ఈకలు నీటిరంగుల బొమ్మలా అలుక్కుపోతే నాయిస్ రిడక్షన్ (ఫొటోలోని గరుకు చుక్కల్ని చెరపడం) ఎక్కువైంది, లేదా చిన్న ముక్కను కోసి పెద్దది చేశారు. అప్పుడు ఎడిట్ చేయని ఫైలు అడిగి చూశాకే మాట్లాడండి.

తెల్లకొంగ ఒంటి మీద ఈకలే కనిపించడం లేదు. ఏమని చెప్పాలి?

"ఓవర్ ఎక్స్‌పోజ్" అని ఒక్క మాట వదిలేయకుండా ఎందుకైందో చెప్పండి. నల్లటి నీళ్ల మధ్య చిన్నగా ఉన్న కొంగను తీస్తే, చీకటిగా ఉన్న భాగం ఎక్కువ కాబట్టి కెమెరా మొత్తాన్ని వెలిగిస్తుంది, కొంగ తెల్ల కాగితంలా మిగులుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచిన వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) −0.7 నుంచి −1.3 మధ్య పెట్టి చూడమనండి. అదే కొంగ ఫ్రేమ్ నిండా ఉంటే కథ తిరగబడుతుంది. కెమెరా దాన్ని బూడిదరంగు చేస్తుంది, అప్పుడు +0.7 వరకు పెంచాలి. మబ్బుల సముద్రానికీ ఇలాగే పెంచాలి, సూర్యుడు ఫ్రేములో లేనంతవరకు. నల్ల ఏట్రింత ఫ్రేమ్ నిండా ఉంటే మైనస్ వైపు వెళ్లాలి, తెల్లటి ఆకాశం ముందు ఉంటే ప్లస్ వైపు. జేపెగ్‌లో పూర్తిగా తెల్లబడ్డ చోట వివరం తిరిగి రాదు. రా ఫైలులో (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు) కొంత దొరుకుతుంది.

హొరైజన్ వంకరగా ఉందన్నాను. "అక్కడ ఒడ్డే అలా ఉంది" అన్నారు. ఎవరిది కరెక్ట్?

ఇద్దరిదీ కావచ్చు. సముద్రమైతే మీ మాటే నెగ్గుతుంది. 6000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోలో ఒక్క డిగ్రీ వంపు ఉన్నా ఈ చివరికీ ఆ చివరికీ 105 పిక్సెళ్ల తేడా వస్తుంది, కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చెరువులో, నదిలో అలా కాదు. అవతలి ఒడ్డు మీకు ఏటవాలుగా దూరమవుతుంటే కెమెరా సమంగా ఉన్నా గీత వాలినట్టే ఉంటుంది. అక్కడ ప్రతిబింబాన్ని చూడండి. చెట్టు కొస, నీళ్లలో దాని కొస ఒకే నిలువు గీత మీద ఉండాలి. ఉంటే ఫొటో నిటారుగానే ఉంది.

గండికోట ఫొటోలో లోయ లోతే తెలియడం లేదు. లోపం ఎక్కడ?

ఎక్కువసార్లు లెన్స్ ఎంపికలో, తీసిన వేళలో. అంత పెద్ద దృశ్యాన్ని పట్టాలని ఫోన్‌లో 0.5ఎక్స్ పెడతారు. వైడ్ లెన్స్ కాళ్ల దగ్గరి రాళ్లను పెద్దవి చేసి, దూరంగా ఉన్న పెన్నను సన్నటి దారం చేస్తుంది. 1ఎక్స్ లేదా 2ఎక్స్‌లో నిలువుగా ఐదారు ఫొటోలు, ఒక్కోటి పక్కదాని మీద మూడోవంతు పడేలా తీసి పనోరమాగా కలపమనండి, లోయ గోడలకు ఎత్తు వస్తుంది.

వేళ సంగతికొస్తే, మిట్టమధ్యాహ్నం వెలుగులో రాతి పొరల మధ్య నీడ ఉండదు, ఎర్రరాయి అంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. పక్కనుంచి వెలుగు పడే పొద్దున, సాయంత్రం పొరపొరా విడివడుతుంది. కొలత తెలియడానికి దూరంగా ఒక మనిషి ఉంటే మేలు. ఈ సలహా ఇచ్చేటప్పుడు అంచుకు వెళ్లి నిలబడొద్దని కూడా రాయండి.

జలపాతం పాలలా ఉండాలా, చుక్కలు విడిగా కనిపించాలా?

అది తీసినవారి ఇష్టం, తప్పొప్పుల్లోకి రాదు. అటూ ఇటూ కానప్పుడే చెప్పాలి. 1/60 దగ్గర తీస్తే నీళ్లు ఆగినట్టూ ఉండవు, పారినట్టూ ఉండవు, చేయి వణికిందేమో అనిపిస్తాయి. చుక్కలు కావాలంటే 1/500 పైన, పట్టుదారాల్లా కావాలంటే 1/4 నుంచి 1 సెకను వరకు. వానాకాలంలో కుంటాల లాంటి చోట ఉధృతంగా పడే నీటికి 5, 10 సెకన్లు ఇస్తే తెల్ల దుప్పటి తప్ప ఏమీ మిగలదు. పగటి వెలుగులో అంత నెమ్మది షట్టర్‌కు ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే, వెలుగు తగ్గించే నల్లద్దం) కావాలి. అది లేనివారికి మబ్బు పట్టిన పూటే దిక్కు. తడిరాళ్ల మీద మెరుపు విసిగిస్తుంటే పోలరైజర్ (అలాంటి మెరుపును తగ్గించే ఫిల్టర్) సూచించండి. అది వెలుగును ఒకటిన్నర, రెండు స్టాపులు (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది) తగ్గిస్తుంది కాబట్టి షట్టర్ నెమ్మదించడానికీ పనికొస్తుంది. వరదనీరు మట్టిరంగులో ఉంటే తెల్లగా మార్చమనకండి, ఆ రోజు అది నిజమైన రంగే.

"రూల్ ఆఫ్ థర్డ్స్ పాటించలేదు" అంటే సరైన విమర్శేనా?

కాదు. ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద ఉంచమనే నియమమది. కానీ నిశ్చలమైన నీటిలో ప్రతిబింబం ఉన్నప్పుడు హొరైజన్ సరిగ్గా మధ్యలో ఉంటేనే అందం. నియమం పేరు వదిలేసి ఫలితం చెప్పండి: "పాలపిట్ట కుడివైపు చూస్తోంది, కుడివైపు చోటు లేదు, అంచుకు గుద్దుకునేలా ఉంది." ఏం చేయాలో వాళ్లకే తెలిసిపోతుంది.

## ఎడిటింగ్ గురించి

రంగులు మరీ ఎక్కువయ్యాయని అనిపిస్తే ఎలా చూపించాలి?

"ఓవర్‌గా ఉంది" అంటే వాదన మొదలవుతుంది, చోటు చూపిస్తే ఆగిపోతుంది. వరిచేలో లేతాకుకూ ముదురాకుకూ తేడా పోయి ఒకే ఫ్లోరెసెంట్ పచ్చ అయిందా? సూర్యుడి చుట్టూ నారింజ రంగు మెట్లుమెట్లుగా విడిపోయిందా? కొండ అంచు వెంట తెల్లటి వెలుగు గీత ఉందా? ఆ గీత ఎడిటింగ్‌లో క్లారిటీ స్లైడర్ గానీ, స్నాప్‌సీడ్ యాప్‌లో స్ట్రక్చర్, హెచ్‌డీఆర్ స్కేప్ గానీ ఎక్కువైనప్పుడు వస్తుంది. రంగులన్నిటినీ ఒకేలా పెంచే శాచురేషన్ బదులు వైబ్రెన్స్ వాడమనండి, ఇప్పటికే గాఢంగా ఉన్న రంగుల్ని అది తక్కువగా పెంచుతుంది. ఎడిట్ చేశాక ఒక రాత్రి ఆగి, పొద్దున చూసి, స్లైడర్లన్నీ సగానికి తగ్గించమనడం మా అభిప్రాయంలో అన్నిటికన్నా మంచి సలహా.

ఆకాశం మార్చేశారని అనుమానం. అడగొచ్చా?

ముందు మూడు చోట్ల చూడండి. ఆకాశం ఎర్రగా ఉంటే నీళ్లలోనూ ఎరుపు ఉండాలి. సూర్యుడు ఎదురుగా ఉంటే నీడలు మనవైపు పడాలి. చెట్ల కొసల ఆకుల సందుల్లో పాత ఆకాశపు తెలుపు మిగిలి ఉండకూడదు. తేడా కనిపిస్తే "మోసం" అనే మాట వద్దు. "ఆకాశం గులాబీరంగులో ఉంది, నీళ్లు నీలంగా ఉన్నాయి, ఎడిట్‌లో ఏం చేశారు?" అని అడగండి. గోడకు పెట్టుకునే బొమ్మలో ఆకాశం మార్చుకోవడం వాళ్ల ఇష్టం. ప్రకృతి ఫొటో అని పోటీకి పంపితేనే తప్పవుతుంది.

నేచర్ విభాగం పోటీకి పంపే ఫొటో మీద ఏం గమనించాలి?

పీఎస్ఏ, ఎఫ్ఐఏపీ, ఆర్‌పీఎస్ అనే మూడు ఫొటోగ్రఫీ సంస్థలకూ ఉమ్మడి నిర్వచనం ఒకటుంది. క్రాప్ తప్ప, ఫొటోలో ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని చేర్చడం, చోటు మార్చడం కుదరదు. అడ్డొచ్చిన ఒక్క గడ్డిపోచను చెరిపినా తిరస్కరించొచ్చు. సెన్సర్ మీది దుమ్ము మచ్చలు, నాయిస్ తీసేయొచ్చు. మొత్తంగా బ్లాక్ అండ్ వైట్ చేయొచ్చు. మనిషి చేసిన వస్తువులు ఉండకూడదు, అవి ఆ జీవి కథలో భాగమైతే తప్ప. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెడతాయి. ఆ స్టాండ్ అక్కడ కథలో భాగమని వాదించొచ్చు. వెనకాల టూరిస్టు పడవ ఉంటే ఆ వాదన నిలవదు. ఏ పోటీ అయినా వాళ్ల నిబంధనల పేజీ చదివాకే సలహా ఇవ్వండి.

క్రాప్ చేయమని ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు చెప్పకూడదు?

అంచున చూపు లాగే వస్తువుంటే చెప్పండి. చిన్న పక్షిని పెద్దది చేయడానికైతే లెక్క వేసి చెప్పండి. 24 మెగాపిక్సెల్ ఫొటో 6000×4000 ఉంటుంది, రెండువైపులా సగానికి కోస్తే 3000×2000, అంటే 6 మెగాపిక్సెల్ మాత్రమే. ఫోన్‌లో చూడటానికి ఇబ్బందేమీ లేదు. 12×18 అంగుళాల ప్రింట్‌కు మాత్రం అంగుళానికి 300 చుక్కల లెక్కన 5400×3600 కావాలి.

## రాసేటప్పుడు

మంచి అభిప్రాయం ఎలా ఉండాలి? ఒక నమూనా ఇవ్వగలరా?

"నీళ్ల మీద పొగమంచు పొరలు వేరువేరుగా తెలుస్తున్నాయి, వెనక కొండలు ఒక్కోటీ పలచబడటం వల్ల దూరం బాగా వచ్చింది. కింద ఎడమ మూలన తెల్ల ప్లాస్టిక్ సీసా ఉంది, నా చూపు రెండుసార్లు అక్కడికే పోయింది. కింద నుంచి కొంచెం క్రాప్ చేస్తే పోతుంది. ఈసారి వెళ్తే ఒక అడుగు కుడికి జరిగి తీసి చూడండి, పడవ ఆ చెట్టు నుంచి విడిపడుతుంది."

ఇందులో ఏది పనిచేసిందో, ఎందుకు పనిచేసిందో ఉంది. ఒక లోపం, అది ఉన్న చోటు, ఇప్పుడే చేయగలిగింది, ఈసారి అక్కడ చేయాల్సింది ఉన్నాయి. నాలుగైదు వాక్యాలు చాలు. తప్పులు పది కనిపించినా ఫలితాన్ని ఎక్కువ మార్చే ఒకటి రెండే రాయండి. మెచ్చుకోలుకూ కారణం రాయాలి, లేకపోతే బాగా వచ్చినదాన్ని మళ్లీ ఎలా తేవాలో వాళ్లకు తెలియదు.

ముందు పొగిడి, మధ్యలో తప్పు చెప్పి, చివర మళ్లీ పొగడమంటారు. అదే పద్ధతా?

మా మాట అడిగితే, వద్దు. రెండోసారికే అందరూ కనిపెట్టేస్తారు, నిజమైన మెచ్చుకోలు కూడా ముందుమాటలా వినిపిస్తుంది.

ఫొటో పంపింది మా పాత మాస్టారు. తప్పు ఎలా చెప్పను?

ప్రశ్నగా మార్చండి, అబద్ధంగా మార్చకండి. "సార్, ఈ కొమ్మ పక్షి తల వెనకే వచ్చింది కదా, కొంచెం పక్కకు జరిగే వీలుందా అక్కడ?" అంటే గౌరవం తగ్గదు, విషయమూ చేరుతుంది. పదిమంది ఉన్న గ్రూపులో కాకుండా విడిగా చెప్పండి. "మీరు" అన్నది మనిషి మీదికి పోకుండా చూసుకోండి: "మీరు ఫోకస్ తప్పారు" కన్నా "ఫోకస్ కొమ్మ మీద ఉంది" మేలు.

పదేళ్ల పిల్ల ఫోన్‌తో సీతాకోకచిలుకను తీసింది. ఇవన్నీ చెప్పాలా?

అక్కర్లేదు. "కింద కూర్చుని, దాని ఎత్తులో ఇంకోటి తియ్యమ్మా" అనండి చాలు.

ఫొటో అద్భుతంగా ఉంది, కానీ గూటికి అతి దగ్గరగా తీసినట్టుంది. ఏం చేయాలి?

మెచ్చుకోలు ఆపి, ముందు ఎలా తీశారో అడగండి. గూడు చుట్టూ కొమ్మలు విరిచి ఉంటే, పిల్లలకు నేరుగా ఎండ తగులుతుంటే, తల్లి నోట్లో మేత పట్టుకుని కెమెరా వైపే చూస్తుంటే అక్కడ ఇబ్బంది పెట్టినట్టే అనుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అనే మాటకిచ్చిన నిర్వచనంలో అడవిపక్షుల గూళ్లను, గుడ్లను కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా ఉందని చెప్పండి. చాలామందికి ఈ సంగతి తెలియదు. స్పీకర్‌లో కూత పెట్టి రప్పించిన పక్షి, ఫ్లాష్ కొట్టిన గుడ్లగూబ ఫొటోలకు కూడా ఇలాగే నిలదీయండి. ఎంత షార్ప్‌గా ఉన్నా సరే.

## చెప్పిన తర్వాత

చెప్పినదానికి కోపం తెచ్చుకుని వాదిస్తున్నారు. ఏం చేయాలి?

ఒక్కసారి వివరించండి, రెండోసారి వద్దు. వీలైతే వారి అనుమతితో ఫొటో కాపీ మీద మీరన్న క్రాప్ వేసి, రెండూ పక్కపక్కన పెట్టి పంపండి. అప్పుడూ వాళ్లకు మొదటిదే నచ్చితే ఫొటో వాళ్లది. అడగకుండా ఎడిట్ చేసి తిరిగి పంపడం మాత్రం మర్యాద కాదు.

అదే తప్పు ప్రతిసారీ చేస్తున్నారు. ఇంకెలా చెప్పాలి?

చెప్పడం ఆపి ఒక పని ఇవ్వండి. బ్యాక్‌గ్రౌండ్ పట్టించుకోనివారిని ఇంటి దగ్గరి ఒకే చెట్టును, జూమ్ మార్చకుండా, దాని చుట్టూ పది అడుగుల పరిధిలో తిరుగుతూ ఇరవై ఫొటోలు తీయమనండి. ఎక్స్‌పోజర్ అర్థంకానివారు ఒక తెల్లచొక్కా, ఒక నల్లచొక్కా తీగమీద ఆరేసి −2 నుంచి +2 దాకా ఒక్కో స్టాపు మారుస్తూ తీయాలి. కదిలే పక్షిని పట్టలేనివారికి రోడ్డు పక్కన సైకిళ్లు, ఊళ్లో పావురాలు ఉన్నాయి. తీసినవన్నీ పంపమనకుండా, అందులో తమకు నచ్చిన రెండు, నచ్చని రెండు ఎంచి, ఎందుకో ఒక్కో వాక్యం రాసి పంపమనండి. ఆ వాక్యాల మీదే మాట్లాడండి.